పన్నెండు దాటిన పెళ్లి

అమ్మా, నేను క్షేమమే గానీ ఇవాళ నా పెళ్లి కాలేదు. పాదిరిగారు "ఈమెను చేసుకుంటావా?" అని పాస్కోను అడుగుతుండగానే చేపల గుంపు కోసం కొండమీద కాపు కాసే కావలివాడు "చేపలొచ్చాయ్!" అని కేకేశాడు. అంతే, చర్చి ఖాళీ! "చేపలు ఆగవే లవ్‌డే, నువ్వెక్కడికి పోతావ్!" అంటూ అందరికన్నా ముందు ఉరికింది పెళ్లికొడుకే. ఏం మనుషులే వీళ్లు! వలలు లాగి వచ్చేసరికి పన్నెండు దాటింది. "మధ్యాహ్నం పెళ్లికి చట్టం ఒప్పదమ్మా" అన్నారు పాదిరిగారు, తడిసిన అంగీ పిండుకుంటూ. మళ్లీ గురువారం పొద్దున పదింటికట.

నీ మోకాలు ఎలా ఉంది? నాన్నకు దండాలు. చెల్లి టోపీ వెంటనే పంపు. తిట్టకు, బుట్టలు చాలక నువ్విచ్చిన పెళ్లి టోపీ నిండా నేనూ చేపలు మోశాను.

నీ లవ్‌డే