గోరుకు తగిలిన గీత

వరంగల్ కరీమాబాద్‌లో కాపురముంటున్న జన్ను సాల్మన్ అనే నేను, దివంగత పోశయ్య కుమారుణ్ని, వయసు డెబ్బై మూడు, కార్ఖానాలో అచ్చులు చెక్కే పని చేసి రిటైరైనవాణ్ని, నా తదనంతరం నాకున్నది ఎవరికి చెందాలో ఇందుమూలంగా రాయిస్తున్నాను. నా బుద్ధి నిలకడగానే ఉంది. షుగరు వల్ల చూపు పోయి రెండేళ్లయింది. నేను చెబుతుంటే దస్తావేజు లేఖరి శ్యాంసుందర్ రాసి, రెండుసార్లు చదివి వినిపించాడు. రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాయొద్దని బతిమాలినవాళ్లు మాత్రం ఉన్నారు. ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దయింది.

1. ఇల్లు నా భార్య ఎస్తేరుకు. ఆమె బతికినన్నాళ్లూ సర్వహక్కులతో ఆమెది, ఆ తర్వాత మా ఒక్కగానొక్క కొడుకు డేవిడ్‌ది. వెనక గదిలో నా నాణేల పెట్టెలున్నాయని, దుమ్ము లేస్తుందని నలభై ఏళ్లు ఆమెను అక్కడ చీపురు పట్టనివ్వలేదు. ఇక తన ఇష్టమొచ్చినట్టు ఊడ్చుకోవచ్చు.

2. నా భూతద్దం మనవరాలు శిరీషకు. చిన్నప్పుడు అది పట్టుకుని చీమల్ని చూస్తుంటే కసిరి లాక్కున్నాను. తీసుకో బిడ్డా, చీమల్నే చూసుకో.

3. నాణేలు సేకరించేవాళ్ల సంఘం కార్యదర్శి భానుచందర్‌కు, పదకొండేళ్ల కింద వానలో పట్టుకెళ్లి తిరిగివ్వని నా గొడుగు. అది అతనికే చెందుతుంది. ఇంతకు మించి ఏమీ లేదు.

4. నా దగ్గరున్న నలభై ఒక్క డబుల్ డై బిళ్లలు డేవిడ్‌కు. తొంభైల నాటి రెండు రూపాయల బిళ్లలు అవి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: టంకశాలలో అచ్చు తయారుచేసేటప్పుడు బొమ్మను దానిమీద రెండుసార్లు నొక్కుతారు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగితే అంకెలు రెండేసిగా పడతాయి. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి బిళ్ల మీదా అదే తప్పు ఉంటుంది. అలాంటివి ఎన్ని కొట్టారో ఎవరూ చెప్పరు, అచ్చు అరుగుదలను బట్టి మనమే అంచనా కట్టాలి. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు అంకెల అంచులు పదునుగా పడతాయి. వేలకు వేలు కొట్టాక ఉబ్బుతాయి. చివరికి అచ్చు పగులుతుంది.

నా నలభై ఒక్కటీ పదునుగానే ఉన్నాయి. కాబట్టి తప్పు కనిపెట్టి అచ్చును మొదట్లోనే తీసేశారని, నాలుగు వేలకు మించి కొట్టలేదని తేల్చాను. సంఘం ఆ లెక్కను నా పేరుతో పుస్తకంగా వేసింది. అప్పటినుంచి ఆ బిళ్లకు ధర పలుకుతోంది. డేవిడ్ హైదరాబాద్‌లో ఒక ఆసామితో బేరం కుదుర్చుకున్నాడు. ఆ డబ్బుతో తన అద్దె దుకాణాన్ని సొంతం చేసుకోవాలని వాడి ఆశ.

ఆ లెక్క తప్పు. ఆ పుస్తకం చూపించి గానీ, ఆ ధరకు గానీ డేవిడ్ వాటిని అమ్మకూడదు. అమ్మితే అవి వాడికి చెందవు, సంఘానికి పోతాయి. ఈ మాట చెప్పినప్పుడు వాడు గట్టిగా అరవలేదు. "అమ్మినంక చెప్పొచ్చు గద డాడీ," అన్నాడు. నిజాన్ని వాయిదా వేయడం ఇన్నేళ్లూ నేను చేసిందే కాబట్టి వాణ్ని తిట్టే మొహం నాకు లేకపోయింది. డేవిడ్, నీ దుకాణం నా మూలంగా పోయింది. నన్ను క్షమించు.

5. తప్పు ఎలా జరిగిందో కూడా వీలునామాలో ఉండాలి. ఆ నలభై ఒక్కటీ ఒకే బ్యాంకులో విప్పిన ఒకే సంచిలోవి. కొత్త అచ్చు కొట్టిన మొదటి బిళ్లలన్నీ ఒకే సంచిలో పడతాయన్నది నాకు తట్టలేదు. చేతులు మారి నలిగిన బిళ్లల్ని నేను ముట్టుకునేవాణ్నే కాదు. జేబుల్లో అరిగిన బిళ్లా, అరిగిన అచ్చుతో పుట్టిన బిళ్లా పైకి ఒకేలా ఉంటాయి, విడదీయడం కష్టమని పక్కకు నెట్టేసేవాణ్ని.

సత్యనారాయణ అలా కాదు. అతను స్టేషన్ ఘన్‌పూర్ బస్సులో కండక్టరు. రోజంతా చిల్లర అతని చేతిమీదుగానే పోయేది. ఇరవై రెండేళ్ల కింద సంఘం మీటింగుకు పదిహేడు బిళ్లలు తెచ్చాడు. అన్నీ జనం చేతుల్లో నలిగినవే, అన్నిటిమీదా అంకెలు రెండేసి. ఆరింటి మీద అంచు నుంచి అంకెల దాకా సన్నటి గీత, ఒకదానికంటే ఒకటి పొడుగ్గా. అచ్చు పగిలేదాకా కొట్టారు సారూ, నాలుగు వేలెక్కడియని అడిగాడు. అవి చేతుల్లో పడ్డ గీతలని కొట్టిపారేశాను.

"గీత పడితే లోపలికి పోతది సారూ. ఇది పైకున్నది. జర గోరు పెట్టి సూడుండ్రి," అన్నాడు.

అచ్చు పగిలితే అందులో గాడి పడుతుంది. లోహం ఆ గాడిలోకి ఎక్కి బిళ్ల మీద సన్నటి గట్టుగా లేస్తుంది. ముప్పై నాలుగేళ్లు అచ్చులు చెక్కిన నాకు ఇది పనిలో చేరిన మొదటి వారం నేర్పిన పాఠం. అయినా నేను చెయ్యి చాచలేదు. "టికెట్లు చింపెటోనికి అచ్చు సంగతేమెర్క," అన్నాను. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది భానుచందర్, కానీ అన్నది నేను.

ఆ తర్వాత అతను మీటింగులకు రాలేదు. బస్సులో ఎదురుపడితే టికెట్టు కొట్టి, మిగిలిన చిల్లర సరిగ్గా నా చేతిలో పెట్టి ముందుకు పోయేవాడు. పోయిన ఏడు వానాకాలంలో చనిపోయాడు. శివనగర్‌లో కుట్టుమిషన్ పెట్టుకున్న అతని కూతురు సుభాషిణి ఆ పదిహేడు బిళ్లలూ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మీకు చూపెట్టుమన్నడు, అంది. కళ్లు లేవు కాబట్టి గోరు పెట్టాను. ఆరు బిళ్లల మీదా తగిలింది. ఆమె ముందే ఏడ్చాను.

కాబట్టి నా సవరణ: ఆ అచ్చు పగిలేదాకా పనిచేసింది. కొట్టిన బిళ్లలు రెండు లక్షలకు తగ్గవు. కనిపెట్టినవాడు సత్యనారాయణ. ఈ ముక్కను అతని పేరుతో సంఘం పుస్తకంలోనూ, ఒక దినపత్రికలోనూ వేయించే బాధ్యత, ఈ వీలునామాను అమలుపరిచే శ్యాంసుందర్‌ది. భానుచందర్ అడ్డం చెబితే పుస్తకం నా పేరు మీద ఉందని గుర్తుచేయాలి.

6. ఆ పదిహేడు బిళ్లలు నావి కావు. సుభాషిణికి తిరిగి ఇచ్చేశాను. నా బ్యాంకు డిపాజిట్ ఆమెకు రాయాలనుకున్నాను. ఎస్తేరు కూడా సరేనంది. సుభాషిణికి కబురు పంపి పిలిపించి, రాసినదంతా చదివి వినిపించాం. ఆమె కింద సాక్షి సంతకం ఎవరు పెడుతున్నారని శ్యాంసుందర్‌ను అడిగింది. వీలునామా వల్ల లాభం పొందేవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకు రాసింది చెల్లదని, రెండింటిలో ఒకటే కుదురుతుందని అతను చెప్పాడు.

"పైసలు నాకొద్దు సారూ. మా నాయిన మాట నిజమని రాసిండ్రు గద, దానికింద సాక్షి సంతకం నేను పెడ్త," అంది.

కాబట్టి డిపాజిట్ ఎస్తేరుకే. సుభాషిణికి ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు.

మొత్తం విని, ఒప్పుకుని, శ్యాంసుందర్ నా చెయ్యి పట్టి చూపించిన చోట సంతకం చేశాను.

వరంగల్, 2025 నవంబరు 17

(సంతకం) జన్ను సాల్మన్

రాసినవారు: శ్యాంసుందర్, దస్తావేజు లేఖరి

సాక్షులు:

1. వెంకటయ్య, మందుల దుకాణం, కరీమాబాద్

2. సుభాషిణి, తండ్రి కీర్తిశేషులు సత్యనారాయణ, బస్సు కండక్టరు