మలుపు తిరగని డిస్క్ హారో

సబ్సిడీ యంత్రాలు మంజూరు చేయు వ్యవసాయ అధికారి వారి సముఖమునకు, తగరపువలస దగ్గర మెట్ట భూమిలో గేదెల మేతకు గడ్డి పెంచుకొనుచున్న మజ్జి గౌరీశ్వరి, ఎం.ఏ., సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చిన్న గడ్డి చెక్కలకు చిన్న డిస్క్ హారో కోరగా, పెద్దది మంజూరు చేసి, అది పనిచేసినట్లు తమరు నమోదు చేసుకొనుట గురించి.

1. నాకున్నది నాలుగు చిన్న చెక్కల భూమి, చుట్టూ లేఅవుట్ల రాళ్లు. అందులో గడ్డి పెంచి, కోసి, ఎండబెట్టి వామి వేసుకుంటేనే నా గేదెలకూ, పక్క చెక్క పోతమ్మ గేదెలకూ ఏడాది గడుస్తుంది. పాత దుబ్బులు ముదిరిపోయాయి. వాటిని డిస్క్ హారో ఇనుప బిళ్లలతో నరికి మట్టిలో కలిపి, తొలకరికి కొత్త విత్తనం చల్లాలి. తొలకరి దాటితే వామి ఉండదు, వామి లేకపోతే గేదెలు ఉండవు. ఈ అర్జీలో తమరు చదవవలసినది ఆ ఒక్క వాక్యమే. మిగిలినది చదవరని తెలిసే కొంచెం స్వేచ్ఛగా రాస్తున్నాను.

2. ఏ హారో కావాలో నేను తేలిగ్గా తేల్చుకోలేదు. ప్రతిదానికీ రెండో వైపు చూడటం తత్వశాస్త్రం చదివినందుకు మిగిలిన జబ్బు. తేలికదైతే దుబ్బుల మీద నుంచి జారిపోతుందేమో, బరువైనదైతే అడుగునున్న గ్రావెల్ పైకి తెస్తుందేమో అనుకున్నాను. చివరికి ట్రాక్టరు వెనక తగిలించి పైకెత్తుకోగలిగే చిన్న హారోను, ముందు వరస డిస్కుల అంచులకు గాట్లున్నదాన్ని, అద్దెకు తెచ్చి ఒక చెక్కలో ఓ మూల తోలించాను. దుబ్బులు తెగాయి. గట్టు దగ్గరికి రాగానే ట్రాక్టరు డ్రైవరు సూరన్న దాన్ని పైకెత్తి తిప్పేశాడు. నాకు అనుమానం పూర్తిగా తీరిన సందర్భాలు జీవితంలో తక్కువ.

3. అదే కావాలని తమ కార్యాలయానికి వచ్చాను. తమరు ఫోన్లోంచి తల ఎత్తకుండా సెలవిచ్చినది:

"ఏటి మేడమ్, గడ్డి పంటేటి? గడ్డి పీకడానికి డిస్కులిస్తం గానీ, గడ్డి ఎయ్యడానికి ఇస్తామేటి?"

ఇంత పరిపూర్ణమైన అజ్ఞానం ఎదురైనప్పుడు తప్పు నాదేనేమో అనిపించడం నా అలవాటు. తిరుగు బస్సు మద్దిలపాలెం దాటేసరికి నాది కాదని తేలింది. అంతకుముందే, పెద్ద హారో మంజూరు చేస్తూ, "పెద్దది ఇస్తంటే చిన్నది అడుగుతారేటి? వినేవోలు నవ్వుతారు" అని తమరు నవ్వారు. పక్కనున్న గుమాస్తా కూడా ఉద్యోగ ధర్మంగా నవ్వాడు.

4. మొన్న తమ మనిషి ఆ పెద్ద హారోను ట్రయల్‌కు తెచ్చాడు. అది పైకెత్తేది కాదు, బండిలా వెనక లాగేది. తిరగడానికే నా చెక్కంత జాగా కావాలి. సూరన్న ఒక్కసారి తిప్పబోయాడు. గట్టు తెగింది, పోతమ్మ కంచె పడింది. ఇంజను ఆపి దిగి, "దీన్ని తిప్పాలంటే భీమిలి ఎల్లి తిప్పుకొని రావాలమ్మా" అన్నాడు. పోతమ్మ తమ మనిషితో, "ఆ ఆపీసరు బాబునొచ్చి కంచె కాడ అడ్డంగా తొంగోమను నాయనా, నా గేదెలు దాటకుండా" అంది.

ఈ రెండు అభిప్రాయాలనూ ఆయన రాసుకోలేదు. హారోను పక్క లేఅవుట్ సిమెంటు రోడ్డు మీద నిలిపి, "ప్లాట్లు అమ్మబడును" అన్న బోర్డు కూడా పడేలా ఫోటో తీసి, "ట్రయల్ సంతృప్తికరం" అని అప్‌లోడ్ చేసి వెళ్లిపోయాడు. సిమెంటు రోడ్డు చెక్కుచెదరలేదు. ఆ మేరకు సంతృప్తికరమే.

5. ఆ ఫోటో ఉన్నంతవరకు నాకు హారో ఇచ్చేసినట్లేననీ, చిన్నదానికి మళ్లీ అర్హత లేదనీ తమ కార్యాలయం చెబుతోంది. ఇది అన్యాయమా, మూర్ఖత్వమా అని చాలా ఆలోచించాను. అన్యాయానికి కొంత తెలివి అవసరం కనుక ఆ ఆరోపణ నుంచి తమరిని మినహాయిస్తున్నాను.

6. పోతమ్మ గేదెలకు బేరం మాట్లాడుకుంటోంది. సముద్రం వైపు మబ్బు పడుతోంది. "కొత్త గడ్డి మొలుత్తాదని సెప్పమ్మా, అమ్మకుండా ఆపుతాను" అని నిన్న నన్ను అడిగింది. అన్నిటినీ అనుమానించే నేను, మొలుస్తుందని చెప్పాను. ఆ మాట నిలబడటం, మా ఖర్మకొద్దీ, తమ చేతిలో ఉంది.

కావున ఆ పెద్ద హారోను వెనక్కి తీసుకొని, ఆ ఫోటోను రద్దు చేసి, పైకెత్తి తిప్పుకోగల చిన్న డిస్క్ హారోను తొలకరికి ముందే మంజూరు చేయ ప్రార్థన. ఈ అర్జీని కుర్చీలో కాక, ఒక్కసారి మా గట్టు మీద నిలబడి చిత్తగించవలెను. నిలబడటానికి గట్టు ఇంకా కొంత మిగిలే ఉంది.

తమ విధేయురాలు (తొలకరి వరకు),
మజ్జి గౌరీశ్వరి

తా.క.: మధురవాడలో తమ ఇంటికి పాలు పోసేది పోతమ్మే. తమరికి తెలియకపోవచ్చు. పాలు పల్చబడ్డాయి, నీళ్లు కలుపుతున్నావా అని తమ ఇంట్లో మేడమ్‌గారు అడిగారట. కలపడం లేదని దయచేసి వారికి చెప్పండి. మా వామి అడుగంటింది. ఎండుగడ్డి తగ్గితే పాలలో వెన్న తగ్గుతుంది. గడ్డి పంటేటి అని తమరు అడిగిన ప్రశ్నకు జవాబు రోజూ పొద్దున్నే తమ కాఫీలో ఉంటోంది.