అల్గొదోన్ అంటే పత్తి

పాప వాళ్ళ నాన్నగారికి నమస్కరించి రాయునది,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, అత్తయ్య, పాప క్షేమమని రాశారు గానీ, పాప వీపు సంగతి చదివాక ఆ మాట సగమే నమ్మాను.

వేళకి తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. నా వంట ఇప్పుడు మీ వంటకన్నా అధ్వాన్నం, అంటే ఎంతో మీరే ఊహించుకోండి. పాపకి జడలు మీరే వేస్తున్నారట. ఫోటోలో రెండు జడలూ ఒకదానితో ఒకటి అలిగినట్టున్నాయి. అయినా ముద్దొచ్చాయి.

ఈ పరాయి దేశంలో వృద్ధాశ్రమం పని అలవాటైంది. పక్కలు మార్చడం, ఉతికినవి మడతపెట్టడం. మూల గదిలో ఒక మామ్మగారు ఉంది. ఆవిడకి స్పానిష్ తప్ప రాదు. పక్క వేసినప్పుడల్లా దుప్పటి అంచు పట్టుకుని "అల్గొదోన్" అనేది. నేను గంగిరెద్దులా తల ఊపి, చలేమో అనుకుని ఇంకొకటి కప్పేదాన్ని. మొన్న ఆశ్రమం వంటావిడ, స్పానిష్ వచ్చిన తెలుగావిడ, విని నన్ను ఆపింది.

"ఇంకోటి కప్పమని కాదు తల్లీ. నూలుది వేయమంటోంది. అల్గొదోన్ అంటే పత్తి."

చొక్కా పైకెత్తి చూస్తే, మామ్మగారి వీపంతా ఎర్రగా పేలి ఉంది. బీరువా అడుగునున్న పాత నూలు దుప్పటి తెచ్చి వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దానిమీద పెట్టి, ఆ మాట మళ్ళీ చెప్పించింది. నేను పలికిన తీరుకి నవ్వి, నిద్రపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మీ ఉత్తరం అప్పటికే నా జేబులో ఉంది.

పాప వీపు ఎండకి పేలిందేమో అని రాశారు. ఎండ కాదండీ, నేను పంపిన ఆ మెరుపు గౌను. నూలుదేనా అని మీరు అడిగితే అవునన్నాను. కాదు. కొట్లోనే దాని మెడ దగ్గరి చీటీ చదివాను. నూలు గౌన్లు పక్కనే ఉన్నాయి, వెలవెలబోతూ. మెరిసేదైతే పాప నన్ను మరిచిపోదనుకున్నాను. "అమ్మ పంపింది" అని విప్పనివ్వడం లేదని మీరు రాస్తే, ముందు సంతోషించాను కూడా. మామ్మగారి మాట అర్థంకాక తప్పు చేశాను. మీ మాట అర్థమయ్యే చేశాను. నన్ను తిట్టండి, పడతాను.

దీంతోపాటు ఒక గౌను పంపుతున్నాను. నా పాత నూలు నైటీ కత్తిరించి కుట్టాను. రంగు వెలిసింది, కుట్లు వంకర. ఆ నైటీ అంచు గుప్పిట్లో ఉంటేగానీ పాప నిద్రపోయేది కాదు, మీకు గుర్తుండే ఉంటుంది. మెరుపుది ఇక తొడగకండి. ఏడిస్తే అమ్మదే తప్పని చెప్పండి. స్నానం చేయించి, ఇది తన ముందు పెట్టండి, తనే తీసుకుంటుంది.

తీసుకోకపోతే, నా మనసు కోసం గుర్తుపట్టిందని మాత్రం రాయకండి. అబద్ధం నేనాడింది చాలు.

ఇట్లు,
పాప వాళ్ళమ్మ