టోక్యోలో ఫ్రెంచి వంటిల్లు

ట్రాయ్, అమెరికా, సెప్టెంబర్ 5, 1983

ప్రియమైన శ్రీవారికి,

మీరు నగోయా చేరి రాసిన ఉత్తరం అందింది. అన్నం దొరుకుతోందన్నారు, బతికించారు. ఇక్కడ లాన్ నేనే కోస్తున్నాను. ఆ మిషన్ తాడు లాగేసరికి భుజం పట్టేస్తోంది. మీరు గుర్తొచ్చేది అప్పుడే అనుకునేరు, మిగతా వేళల్లో కూడా గుర్తొస్తున్నారు.

అసలు సంగతి వినండి. మీ బాసుగారి భార్య మిసెస్ కార్ల్‌సన్ శనివారం మా బేకరీకి వచ్చింది. అక్టోబరులో భార్యలందరినీ కంపెనీ తన ఖర్చుతో పది రోజులు జపాన్ పిలిపిస్తుందట, టోక్యో కూడా చూపిస్తారట. నిజమేనా? అక్కడి ఫ్రెంచాయన పేస్ట్రీ దుకాణం గురించి ఆవిడ చెవులు తినేశాను. పత్రికలోంచి కత్తిరించి మన ఫ్రిజ్ మీద అంటించాను చూడండి, అదే. రోజూ ఆ బొమ్మ మీద చెయ్యి వేసి పాలు తీసుకునేది మీరేగా.

ఆరేళ్లుగా బేకరీలో అన్నీ నేర్చుకున్నాను గాని, వెయ్యి పొరల పేస్ట్రీ మాత్రం నా మాట వినదు. ఓవెన్‌లో పెట్టగానే వెన్న కారిపోతుంది, పొరలు విచ్చుకోవు. ఆ వంటింట్లో ఒక్కపూట నిలబడి చూస్తే పట్టేస్తాను. అది చేతికొస్తే సొంతంగా కొట్టు పెట్టే ధైర్యం కూడా వస్తుంది. నాకు ముప్పై ఆరు నిండాయి, ఇంకెప్పుడు పెడతాను? వెంటనే కనుక్కుని రాయండి.

మీ లీల

నగోయా, సెప్టెంబర్ 19

ప్రియమైన లీలకి,

నిన్ను నిరుత్సాహపరచాలంటే మనసొప్పడం లేదు. భార్యల ప్రయాణం రద్దయింది. బడ్జెట్ కట్ చేశారని కార్ల్‌సన్ నిన్నే చెప్పాడు. ఒహాయో ప్లాంటునుంచి నాతో వచ్చిన రాధాకృష్ణ కూడా వాళ్లావిడకి రావద్దని రాసేశాడు. మిసెస్ కార్ల్‌సన్ దగ్గర ఈ మాట ఎత్తకు. అందరికీ ఆశపెట్టింది కదా, ఆవిడకి చిన్నతనంగా ఉంటుంది.

దుకాణం ఎక్కడికీ పోదులే. ఎప్పుడో ఒకప్పుడు నేనే తీసుకెళ్తాను. చలి మొదలయ్యే లోపల ఫర్నేస్ చెక్ చేయించు.

నీ వాసు

ట్రాయ్, అక్టోబర్ 1

ప్రియమైన శ్రీవారికి,

ఉత్తరం చదివి ఆ పూట వంట చేయలేదు. ఏడిచానని ఒప్పుకుంటాను. మర్నాడు మా బేకరీ ఓనరమ్మకి సెలవు అక్కర్లేదని చెప్పేశాను. ఫర్నేస్ బాగుంది. మిసెస్ కార్ల్‌సన్ ఈమధ్య మా వైపు రావడం లేదు. పాపం, మొహం చెల్లక కాబోలు.

ఒక్క సాయం చేయండి. టోక్యో వెళ్లే పని పడితే ఆ దుకాణంలోకి వెళ్లి నా బదులు మీరు చూడండి. పిండిలో వెన్న ఎంత చల్లగా ఉండగా పెడుతున్నారు, ఎన్నిసార్లు మడుస్తున్నారు, మధ్యలో పిండికి ఎంతసేపు విశ్రాంతి ఇస్తున్నారు, ఈ మూడూ అడగండి. రుచి సంగతి రాయకపోయినా ఫర్వాలేదు.

మీ లీల

నగోయా, అక్టోబర్ 18

ప్రియమైన లీలకి,

నీ కోరిక తీర్చాను. పోయిన వారం టోక్యో వెళ్లి నీ దుకాణం చూశాను. నగల కొట్టులా ఉంది. అద్దాల వెనక ఒక్కొక్క పేస్ట్రీనీ దీపం కింద పెట్టారు. జనం గుసగుసలాడుకుంటూ లైన్లో నిలబడ్డారు. నా అదృష్టమేమో, నన్ను వంటింట్లోకి కూడా పిలిచారు. ఆ ఫ్రెంచాయన స్వయంగా నాకు ఏప్రన్ కట్టి, రెండు గంటలు అన్నీ తిప్పి చూపించాడు. రాధాకృష్ణ బోలెడు ఫోటోలు తీశాడు. నువ్వడిగిన వెన్న సంగతి ఆ హడావుడిలో గుర్తులేదు. ఏదో చెప్పాడు గాని, నాకు ఒంటబట్టలేదు.

నిజం చెప్పనా? నువ్వు రాకపోవడమే మంచిదైంది. నీ చేతివి బాగుంటాయి, కాదనను. కాని అది వేరే లోకం. చూస్తే నీరుగారిపోయేదానివి. ఉన్న బేకరీలో హాయిగా ఉన్నావు కదా.

నవంబర్ పద్నాలుగో తారీకున వస్తున్నాం. రాధాకృష్ణ కూడా మనింట్లోనే ఒక రోజు ఆగుతాడు. ఎయిర్‌పోర్ట్‌కి కారు తీసుకురా.

నీ వాసు

ట్రాయ్, నవంబర్ 5

వాసుదేవరావు గారికి,

నిన్న రాధాకృష్ణగారి భార్య విజయశ్రీ ఒహాయోనుంచి మనింటికి వచ్చింది. చేతిలో పళ్ల బుట్ట. కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆపాను. "అమెరికాలో ఉండి కూడా చాతుర్మాస్యం పట్టారు, ధన్యులండీ వదినగారూ. మీరు బయటివి ముట్టరని టోక్యోనుంచి కేకు తేలేదు" అంది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు కూర్చున్నాను. తనే చెప్పుకుపోయింది. భార్యలందరూ జపాన్ వెళ్లారు. వెళ్లంది నేనొక్కదాన్నే. నాలుగు నెలల వ్రతంలో ఉన్నాననీ, సముద్రం దాటకూడదనీ మీరు అందరికీ చెప్పారు. ఆ మాట నా దగ్గర ఎత్తితే నేను నొచ్చుకుంటానని మిసెస్ కార్ల్‌సన్‌ని కూడా కట్టడి చేశారు. పాపం ఆవిడ నా వ్రతానికి అడ్డు రాకూడదని బేకరీకి రావడమే మానేసింది.

తరవాత విజయశ్రీ చెప్పింది మీకు తెలిసిన సంగతే, అయినా రాస్తాను. "మిసెస్ కార్ల్‌సన్ మీకోసమే ఆ ఫ్రెంచాయనకి ముందుగా రాసి ఒప్పించిందటండీ, మీకు చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామని. రెండు గంటలు మీ పని చూసి, నచ్చితే ఆర్నెల్లు దగ్గర పెట్టుకుని నేర్పుతానన్నాడు. 'మా ఆవిడ ఆ పని మానేసింది' అని అన్నయ్యగారు చెప్పేసరికి, ఆ చోటు వేరే అమ్మాయికి ఇచ్చేశాడు" అంది.

ఆ ఏప్రన్ నాది. ఆ రెండు గంటలు నావి. వాటిలో నిలబడి మీరు ఫోటోలు తీయించుకున్నారు. పైగా నేను రాకపోవడమే మంచిదని నాకే రాశారు.

ఎందుకు చేశారని రాత్రంతా ఆలోచించాను. ఆర్నెల్లు వంట చేసిపెట్టే మనిషి ఉండదని భయపడ్డారా? మీ బాసు ఎదుట పెళ్లాం పిండి పిసుకుతుందని సిగ్గుపడ్డారా? వద్దని మొహాన చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాడి బహుశా ఆగిపోయేదాన్ని కూడా. మీరు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారు. నా నోరు మీరు లాక్కుని నా బదులు మాట్లాడారు. పొద్దున్నే ఆ ఫ్రెంచాయనకి ఫోన్ చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. చోటు లేదన్నాడు.

విజయశ్రీతో మీ గురించి ఏమీ అనలేదు. వ్రతం కార్తీక ఏకాదశికి పూర్తవుతుందని చెప్పి, బొట్టు పెట్టి, చీర పెట్టి పంపాను. మీ పరువు కోసం కాదు. ఆ పిల్ల ముందు నేను బయటపడలేక.

మా ఓనరమ్మ ఇంట్లో పైగది ఖాళీగా ఉంది. రేపు అక్కడికి మారుతున్నాను. ఇంటి తాళం పక్కింట్లో ఇస్తాను. ఎయిర్‌పోర్ట్‌కి నేను రాను. లీలగారు ఎందుకు రాలేదని రాధాకృష్ణగారు అడిగితే, వ్రతంలో ఉందని చెప్పండి. ఒకసారి నమ్మారు కదా, మళ్లీ నమ్ముతారు.

లీల