బెల్లం పొట్లంలో జనరల్ గారు

కొల్లేటికోట,
12-5-1936

ఏలూరు బెల్లం కొట్టు కాలేషా గారికి నమస్కారాలండి.

రాసేది బెల్లం సంగతి కాదండి, మీరు బెల్లం కట్టిచ్చిన పేపరు సంగతి! అందులో రష్యా జనరల్ ఒకాయన కథ ఉంటే ఊరందరికీ చదివి వినిపించాను. గొర్రెలు కాసినవాడు మామూలు సిపాయిగా చేరి జనరల్ అయ్యాడటండి! వెనక శత్రువుల ఫిరంగులు, ముందు మైళ్ల కొద్దీ బురద సరస్సు. ఆయన సైన్యం వైపు తిరిగి... అక్కడికి కాగితం చిరిగిపోయింది!

మగాళ్లమంతా ఆయన లొంగిపోయి ఉంటాడన్నాం. మా అత్తగారు వెంకాయమ్మ మాత్రం, "కాదర్రా, కిక్కిస గడ్డి కట్టలు పరిచి దాటించుంటాడు. ముందు పరుచుకుంటూ, వెనకవి తీసుకుంటూ పోవాలి" అంది. అందరం నవ్వేశాం.

మొన్న నా భార్య నూకరత్నానికి నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందండి. మంచం మీద పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి బయలుదేరితే, ఎండలకి కొల్లేరు ఇంకిపోయి దోనె బురదలో దిగబడింది. అత్తగారు గట్టు మీద నిలబడి, "ఆయన సైన్యాన్ని దాటించాడే, మీరు ఒక్క మంచాన్ని దాటించలేరా!" అని కేకేసింది. నవ్విన వాళ్లమే కిక్కిస కోసి, పరుచుకుంటూ, మంచం మోసుకుంటూ ఒడ్డెక్కేశామండి! ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం!

తక్కిన సగం కాగితం మీ కొట్లో ఉంటే వెతికి పంపించండి, ఊరంతా ఎదురుచూస్తోంది. ఆయన లొంగిపోయాడని రాసుంటే మాత్రం అందులో ఇంకెవరికైనా బెల్లం కట్టిచ్చేయండి. ఇక్కడ ఆయన దాటేశాడండి.

ఇట్లు,
నూకరత్నం పెనిమిటి