నూట పద్దెనిమిదో ట్యాగు

జనవరి 9

కంకులు కోయడం అయిపోయింది. రెండు వందల పన్నెండు. నీళ్లు ఆపేసిన మడిలో నిలబడ్డ జొన్న మొక్కలవి. ఒక్కో కంకికి ఒక కాగితం తొడుగు, కాడకి నంబరు రాసిన ట్యాగు. 118 తొడుగు మాత్రం చిరిగి పిట్టల పాలైంది, ఉత్త ఊచ మిగిలింది. లెక్క లెక్కే కదా అని అదీ షెడ్‌లో పెట్టించాను. ఫీల్డ్ బుక్‌లో రాశాను: 118, పిట్టలు తిన్నాయి, గింజ లేదు.

ఆరేళ్ల పని. ఏ నంబరు ఏ మొక్క బిడ్డో, ఎన్ని రోజులు దాహానికి ఓర్చుకుందో అంతా ఆ పుస్తకంలోనే ఉంది.

జనవరి 11

విదేశీ యూనివర్సిటీతో ఎంఓయూ సంతకాలు 20న. వాళ్ల ప్రొఫెసర్లు నలుగురు వస్తారు. మా వ్యవసాయ కాలేజీ నుంచి ఒక లెక్చరర్ ఆరు నెలలు వాళ్ల ల్యాబ్‌కి వెళ్లాలి. ఆ ఒక్కడినీ నేనే. విత్తనం నాది, జీన్లు చూసేది వాళ్లు. నంబర్ల జాబితా అప్పుడే పంపేశాను.

నలభై నిండితే తీసుకోరు. నాకు ఏప్రిల్ 30కి నిండుతాయి. ఇది తప్పితే ఇక లేదు.

మా ఆవిడ అప్పుడే మందపాటి కోటు కొనేసింది. ఈ ఎండలో దాన్ని చూస్తేనే చెమట పడుతోంది.

జనవరి 18

వీసా వేలిముద్రల కోసం రెండు రోజులు సిటీలో. నా వేళ్ల గీతలు మెషీన్‌కి అందలేదు. మట్టి పని చేస్తారా అని అడిగింది కౌంటర్‌లో అమ్మాయి. లెక్చరర్‌ని అన్నాను. అయినా సరే చేతులు కడుక్కుని రమ్మంది.

జనవరి 19, సాయంత్రం 5

కాలేజీ గేటుకి స్వాగత ద్వారం కట్టారు. వెదురు కనపడకుండా నిండా జొన్న కంకులు. బాగుందే అనుకుంటూ దాని కిందనుంచే లోపలికొచ్చాను.

షెడ్‌లో నా అర ఖాళీ.

ఫారం మేస్త్రిని పట్టుకున్నాను. నిన్న డీన్ వచ్చి, మంచి కంకులు చూసి ద్వారం కట్టమన్నాడట. నేల మీద పశువుల జొన్న కుప్ప ఉందిగా, దాన్నెందుకు తియ్యలేదు అంటే, అది మసకబారింది సార్, పరాయి దేశం వాళ్ల ముందు మన పరువేం కాను అన్నాడు. మీవైతే చంటిపిల్లల్లా తొడుగుల్లో దాచారు, నిగనిగలాడుతున్నాయి అన్నాడు.

ట్యాగులేవి అన్నాను. కంగారు పడకండి, ఒక్కటి పోయినా నా చెవి కొయ్యండి అంటూ బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అన్నీ విప్పి, నంబర్ల వరసలో దారానికి గుచ్చాడు. లెక్కపెట్టుకోండి సార్ అన్నాడు.

లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు.

మెచ్చుకుంటానేమోనని నిలబడ్డాడు. డబ్బా మూత పెట్టి నా దగ్గరే ఉంచుకున్నాను.

జనవరి 20

వచ్చారు. ల్యాబ్ పెద్దాయన భోజనం దగ్గర కూడా టోపీ తియ్యలేదు. ద్వారం కింద చాలా ఫొటోలు దిగాడు. ఇలాంటి స్వాగతం ఎక్కడా చూడలేదన్నాడు. డీన్ నా భుజం తట్టాడు.

సంతకాలయ్యాయి.

జనవరి 21

డీన్‌కి చెప్పాను. లేచి తలుపు వేశాడు. పోయినేటి విత్తనం కొంచెం ఉంది, మళ్లీ వేస్తే వచ్చే జనవరికి అందుతుంది అన్నాను. వచ్చే జనవరికి నీ వయసెంతయ్యా అన్నాడు. కంకులున్నాయి, ట్యాగులున్నాయి, కట్టెయ్, ఇంకేం కావాలి అన్నాడు.

ఏ ట్యాగు ఏ కంకికని నేను అడగలేదు. ఆయనకి తెలియక కాదు. ఆయనా ఒకప్పుడు మడుల్లో తిరిగినవాడే.

జనవరి 22

మా ఆవిడకి చెప్పాను. నువ్వు అబద్ధమాడితే మొహమే చెప్పేస్తుంది, అక్కడెలా నెగ్గుకొస్తావు అంది. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

జనవరి 24

ద్వారం విప్పించాం. నేనూ మేస్త్రీ షెడ్‌లో కూర్చుని ట్యాగులు కట్టాం. ఇది దేనికి సార్, ఇది దేనికి అని మొదట్లో ప్రతిదానికీ అడిగాడు. ఏదో ఒకదానికి అన్నాను. పదిహేనో దాని దగ్గర చెయ్యి ఆపి నా మొహం చూశాడు. తర్వాత అడగలేదు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ కూడా విప్పలేదు.

ముందే పక్కన పెట్టిన 118 చివరికి మిగిలింది. దాని ఊచ పొయ్యిలో పెట్టేశానన్నాడు. జాబితాలో రెండు వందల పన్నెండు ఉన్నాయి. పశువుల కుప్పలోంచి ఒక కంకి తీసి దీనికి కట్టు అన్నాను. కదల్లేదు. నేనే లేచి తీశాను. నేనే కట్టాను.

మార్చి 2

చేరాను. గది కిటికీ తెరుచుకోదు. కోటు చాలడం లేదు.

ఏప్రిల్ 30

నలభై నిండాయి. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

జూన్ 14

గ్లాస్‌హౌస్‌లో అన్నీ మొలిచి నడుమెత్తు పెరిగాయి. కుండీకో బార్‌కోడ్. వీళ్ల ట్యాగుల్ని ఎవరూ విప్పలేరు.

టోపీ ఆయన నా ఫీల్డ్ బుక్ తిరగేశాడు. రిమార్కులు మన భాషలో ఉన్నాయి, చదివి చెప్పమన్నాడు. చదివాను. 118 దాటేశాను. ఇంత శ్రద్ధగా రాసినవాణ్ని చూడలేదని స్టూడెంట్లని పిలిచి మరీ చూపించాడు.

అది నిజమే. పుస్తకంలో ఒక్క ముక్క అబద్ధం లేదు.

జులై 5

మేస్త్రి ఫోన్ చేశాడు. మొలిచాయా సార్ అన్నాడు. అన్నీ మొలిచాయన్నాను. పోన్లెండి అన్నాడు. షెడ్‌కి తాళం వేశాడట, తాళంచెవి మొలలోనే ఉంచుకుంటున్నాడట. లోపల ఇప్పుడు ఏముందని నేను అడగలేదు.

ఆగస్టు 27

నా పుస్తకానికీ వాళ్ల జీన్ల లెక్కలకీ ఎక్కడా పొంతన లేదు. తప్పు తమ మెషీన్‌దేనని టోపీ ఆయన రెండుసార్లు తిరగచేయించాడు. మూడు వారాలు శనాదివారాలు కూడా కూర్చున్నారు పాపం. చివరికి నాకే సారీ చెప్పాడు.

నీళ్లు ఆపాక అన్నిటికంటే ఎక్కువ రోజులు నిలిచింది 118. దాని మీద ఒప్పందం ఇంకో మూడేళ్లు పొడిగిస్తారట. నన్నూ ఉండమన్నారు. డీన్ అక్కణ్నుంచి శభాష్ అన్నాడు. మా ఆవిడ, సరే, ఉండు అంది.

118 పుట్టుపూర్వోత్తరాలు రేపటికల్లా రాసిమ్మన్నాడు టోపీ ఆయన. తల్లి ఏది, ఏ మడి, ఏ రోజు కోశారు.

ఆగస్టు 28

మూడు పేజీలు రాశాను. తల్లి మొక్క ఎండిన ఆకుల లెక్క కూడా ఇచ్చాను. బాగా వచ్చింది.