మామ్మగారి పక్క కుర్చీ

శ్రీవారికి నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. మీరు, అమ్మాయి, అల్లుడుగారు, మాటిమాటికీ మొండికేసే మీ కుట్టుమిషను, అంతా క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం మొన్న రేవులో అందింది. అడిగినవాటికి వరుసగా జవాబులు వ్రాస్తున్నాను. కాళ్ల వాపు తగ్గింది. పళ్లేలు మోయడం మానేసినందువల్ల కాబోలు. ఓడ ఊగినప్పుడు కడుపులో తిప్పడం నాకిప్పుడు లేదు. నా గదిలో ఉండే ఇస్త్రీ పనామె గురక గురించి అడిగారు. గురక అలాగే ఉంది, నేనే దానికి అలవాటు పడ్డాను. "ఎప్పుడొస్తావు?" అన్న మీ చివరి ప్రశ్నకు జవాబు కూడా చివరనే వ్రాస్తాను. అంతకుముందు ఈ వారం జరిగినది మీకు తెలియాలి.

నన్ను వడ్డన నుంచి తప్పించి, పెద్ద బృందాల భోజన ఏర్పాట్లు చూసే పనిలో పెట్టారని లోగడ వ్రాశాను. పెట్టడమంటే పరీక్షకు పెట్టడమే. మొదటి పెద్ద బృందాన్ని సవ్యంగా నడిపితే ఆ పని నాకు ఖాయం. లేకపోతే మళ్లీ పళ్లేల దగ్గరికే. పగలంతా పనిచేసి, రాత్రి బడిలో కూర్చుని, నలభై దాటాక ఈ పనికే పట్టా పుచ్చుకున్నదాన్ని. వెనక్కి పంపితే తల కొట్టేసినట్టవుతుందని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ మొదటి బృందం ఒకే కుటుంబం. ఒక మామ్మగారు, ఆవిడ కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు, అల్లుళ్లు, మనుమలు, మునిమనుమలు కలిసి డెబ్బైమందికి పైమాటే. వారందరూ ఒకేసారి, ఒకేచోట భోంచేయాలి. మా భోజనశాలలో సాయంత్రం రెండు పంక్తులు నడుస్తాయి. జంటలుగా వచ్చిన ప్రయాణికులను ఒక్కొక్కరినే బతిమాలి, రెండో పంక్తికి ఒప్పించి, కిటికీల వైపు సగభాగం ఖాళీ చేయించాను. అంతవరకు నా చదువుకు తగినట్టే చేశానని అనుకుంటున్నాను.

పొరపాటు అంతకుముందే జరిగిపోయింది. ఓడ బయలుదేరకముందు ఆ ఇంటి పెద్ద కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారి పక్కన నేనే ఉండాలండీ. ఆవిడ మాత్రలు నాకు తప్ప ఎవరికీ తెలీవు" అంది. తప్పకుండా అన్నాను. మర్నాడు చిన్న కొడుకు చేశాడు. "మా అమ్మ పక్కన నేను కాక ఇంకెవరు కూర్చుంటారు?" అన్నాడు. తప్పకుండా అన్నాను. ఆ తర్వాత పెద్ద కూతురు, కొత్తగా పెళ్లయిన మనుమరాలు, అత్తవారింటికి ఎన్నడూ రాడని పేరున్న రెండో అల్లుడు, ఇంకా ఎవరెవరో. అందరికీ అదే మాట. ఏళ్ల తరబడి వడ్డించినదాన్ని కదా! అతిథి ముందు "కుదరదు" అనకూడదని మాకు మొదటి రోజే నూరిపోస్తారు. ఏర్పాట్లు చూసేవారి పని అసలు ఆ మాట అనడమేనని నాకు తోచలేదు. ఎలాగో సర్దవచ్చులే అనుకున్నాను. బల్లలు నేలకు బిగించి ఉంటాయి, మామ్మగారికి కుడి ఎడమలు ఒక్కొక్కటే ఉంటాయి. ఇక సర్దడానికి ఏముంది?

మొదటి సాయంత్రం భోజనశాల గుమ్మంలోనే రభస మొదలైంది.

"ఈవిడ నాకు మాటిచ్చింది!"

"నాకూ ఇచ్చింది బావగారూ, మీ ఒక్కరికే కాదు."

పెద్ద కోడలు చిన్న కొడుకు మీదికి వచ్చింది. "నువ్వు అత్తయ్యగారి పక్కన కూర్చుని ఏం చేస్తావయ్యా? ఫోన్ చూసుకుంటావు!"

"నువ్వు ఏం చేస్తావు వదినా? తినేదాకా నస పెడతావు. పాపం, అమ్మ ఇంట్లో కూడా అదే అనుభవిస్తోంది!"

"మాత్రలు నువ్వు వేస్తావా మరి? ఎర్రది ముందో తెల్లది ముందో చెప్పు చూద్దాం!"

వెనుక పిల్లలు ఆకలని గోల చేస్తున్నారు. మా పెద్దాయన, అంటే భోజనశాల అధికారి, స్తంభం పక్కన చేతులు కట్టుకుని చూస్తున్నారు. చేతిలో పళ్లెం ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట వాస్తవం.

అప్పుడు వచ్చింది మామ్మగారు, చేతికర్ర ఊపుకుంటూ. "ఏంటర్రా, గుమ్మంలోనే సంత పెట్టారు?" అంది.

దాచి ప్రయోజనం లేదని తెలిసింది. "పొరపాటు నాదండీ" అన్నాను. "మీ పక్క కుర్చీ అందరికీ ఇస్తానన్నాను. అది కుదరదు. ముందే కుదరదని చెప్పవలసింది."

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. మామ్మగారు పకపకా నవ్వింది. "ఎంతమందికిచ్చావే తల్లీ? నేనేమన్నా గుండ్రంగా తిరిగే బొంగరాన్నా?"

"మీకెక్కడ కూర్చోవాలని ఉందండీ?" అని అడిగాను. ఇంతమందితో మాట్లాడాను గాని ఆవిడనే అడగలేదని అప్పటికి గాని వెలగలేదు.

ఆవిడ చుట్టూ చూసి కర్రతో చూపించింది. వంటశాల తలుపుల పక్కన ఇద్దరు పట్టే చిన్న బల్ల. రెక్కల తలుపులు ఊగుతూనే ఉంటాయి, గాలి కొడుతుంది, సెగ తగులుతుంది. వడ్డించేవాళ్లు నీళ్ల జగ్గులు పెట్టుకునే చోటు అది.

"అక్కడ" అంది. "ఇన్నేళ్లూ వంటింటి గుమ్మంలో నిలబడి వీళ్లు తింటుంటే చూశాను. ఇప్పుడు కూర్చుని చూస్తాను. పక్కన కూర్చుంటే ఒక్కడి మొహమే కనబడుతుంది. అక్కణ్ణుంచయితే అందరివీ."

"ఆ బల్ల అతిథులకివ్వం" అన్నారు మా పెద్దాయన.

"క్షమించండి, నేను ఇస్తున్నాను" అన్నాను.

జగ్గులు తీయించి, తెల్లగుడ్డ పరిపించాను. ఎదుటి కుర్చీ ఖాళీగా వదిలాను. మామ్మగారే తీర్పు చెప్పింది: "ఒక్కో వడ్డనకి ఒక్కొక్కళ్లు వచ్చి కూర్చోండి. దెబ్బలాడినవాళ్లు ఆఖర్న." సూపుకు మనుమరాలు వచ్చింది. చేపకు రెండో అల్లుడు వచ్చి, ముళ్లు తీసి ఆవిడ పళ్లెంలో పెట్టాడు. పండ్ల వేళకు పెద్ద కోడలు, చిన్న కొడుకు కలిసి వచ్చారు. ఉన్నది ఒకే కుర్చీ. అతను వదినను కూర్చోమని తాను నిలబడ్డాడు. ఎర్ర మాత్ర ముందని అతనికి వదినే నేర్పింది. ప్రయాణం ముగిసేదాకా ప్రతి సాయంత్రం అదే ఏర్పాటు నడిచింది.

చివరి రోజు పెద్దాయన పిలిచారు. "మీకు కుదరదనడం వచ్చింది. నాతో కూడా అన్నారు. ఇక ఈ పని మీదే" అన్నారు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. గదికి వచ్చి తలుపు వేసుకుని నవ్వాను. ఇస్త్రీ పనామె భయపడింది.

ఇక మీ చివరి ప్రశ్న. ఈ ఉత్తరమంతా దానికి దూరంగా తిరిగాను. నిజం వ్రాస్తున్నాను: నాకు తిరిగి రావాలని లేదు. వ్రాసి చూసుకుంటే ఈ వాక్యం నన్నే భయపెడుతోంది, అయినా కొట్టివేయను. నాకు ఈ పని కావాలి. మీరు కూడా కావాలి.

ఓడలో బల్లగుడ్డలు, తెరలు, సిబ్బంది దుస్తులు కుట్టే గది ఒకటి ఉంది. అక్కడి దర్జీ ఈ ప్రయాణంతో పని విరమిస్తున్నాడు. మీ గురించి అడిగాను. మీ తరఫున మాట ఇవ్వలేదు. వచ్చే రేవులో మీ జవాబు అందేదాకా ఎవరినీ తీసుకోవద్దని మాత్రమే కోరాను. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక మీరు కత్తెర పట్టే పొద్దుకంటే వీధి చూస్తూ కూర్చునే పొద్దే ఎక్కువైందని అమ్మాయి చెప్పింది. మీరు చెప్పలేదు. చెప్పరని నాకు తెలుసు.

సముద్రమంటే మీకు భయమనీ తెలుసు. దంపతులకిచ్చే గదులు ఓడ అడుగున ఉంటాయి. వాటికి కిటికీలు లేవు కాబట్టి సముద్రం కనబడదు.

డెబ్బైమందిని ఒక్క పంక్తిలో కూర్చోబెట్టగలిగాను. వాళ్లందరూ లేచి వెళ్లాక సిబ్బంది గదిలో నా పళ్లెం ముందు ఒక్కదాన్నే కూర్చుంటాను. మీరు ఎదురుగా లేకుండా తినడం మాత్రం నాకు ఇంతవరకు చేతకాలేదు. ఆలోచించి వ్రాయండి.

ఇట్లు,
మీ రాక కోరుతున్న
మీ ఇల్లాలు